మన్ను తిన్న దూడ, తన్నే బర్రె

పశువుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా వాటి కళ్ల గురించి రాస్తారు. కళ్లలో దయ కనిపించిందని, నీళ్లు తిరిగాయని రాస్తారు. నేను పెండ గురించి రాస్తాను. బర్రె ఉన్న ఇంట్లో పొద్దున్నే ఆడది ముందు చూసేది పెండనే. గట్టిగా ఉందా, పలచగా ఉందా, రంగేంటి, వాసనేంటి. కళ్లు చూసి పశువు సంగతి చెప్పినవాళ్లను నేను చూడలేదు. పెండ చూసి చెప్పినవాళ్లను చూశాను. ఇప్పుడు నేనూ చెప్పగలను. అది తెలియడానికి మా ఇంట్లో రెండు దూడలు చచ్చాయి.

మా ఊరు పెద్దమందడికి దగ్గర. ఎనభైల చివరి రోజుల మాట ఇది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఇంటాయన చలికాలం మొదలవగానే మేస్త్రీ వెంట కాలువ పనులకు పోయేవాడు, వానలకు ముందు తిరిగి వచ్చేవాడు. ఇంట్లో నేను, అత్త. కొంచెం చేను, అది కూడా వాన పడితేనే. సొంతమని చెప్పుకోవడానికి కోళ్లు తప్ప మరో ప్రాణి లేదు. అందుకని పెయ్యలను పాలుకు తెచ్చుకునేవాళ్లం.

పాలుకు తెచ్చుకోవడం అంటే, ఉన్నోళ్ల పెయ్యను మన గుంజకు కట్టేసుకుని పెంచడం. గడ్డి మనది, కుడితి మనది, కాపలా మనది. అది పెరిగి, చూడి కట్టి, ఈనాక బర్రె వాళ్లది, దూడ మనది. దూడ గడ్డి కొరికేదాకా బర్రె మన దగ్గరే ఉంటుంది. పాలు మాత్రం ఒక పూటవి వాళ్లకు పోసి రావాలి. దూడ చస్తే బర్రెను అప్పుడే తోలుకుపోతారు. మనకు గుంజ, తాడు మిగులుతాయి. రెండుసార్లు మాకు అవే మిగిలాయి. రెండు దూడలూ ఒక్క తీరుగానే పోయాయి. పుట్టిన కొన్నాళ్లకు మన్ను నాకడం మొదలుపెట్టాయి, తెల్లగా పారుకున్నాయి, పొట్ట ఉబ్బి కాళ్లు చాపాయి.

ఆ తర్వాత ఊళ్లో ఒక మాట పుట్టింది. "వాళ్లింట్ల దూడ నిలువది." మాట పుట్టాక మాకు పెయ్యను ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వలేదు. చివరికి పటేలమ్మ ఇచ్చింది. మా ఊళ్లో పొలం, పశువులు ఉన్న ఇంటామె. ఆమె ఇచ్చింది కూడా దయతో కాదు. ఆ పెయ్య పొడుస్తుంది, తంతుంది. అంతకుముందు పాలుకు తీసుకున్నవాళ్లు దండం పెట్టి తిరిగి తోలేశారు. దూడ నిలవని ఇంటికి, ఎవరూ నిలపలేని పెయ్య. సరిపోయింది అనుకుని ఉంటుంది.

నిజంగానే పొగరుమోతు. కొమ్ములు వెనక్కి వంగి కొసలు మళ్లీ ముందుకు తిరిగి ఉండేవి. తల ఊపితే గాలి కోసినట్టు ఉండేది. నా మోకాలి కింద ఇప్పటికీ ఒక గుంట ఉంది, అది దాని గిట్ట గుర్తు. కానీ ఒక ఏడాది దానితో ఉన్నాక నాకు దాని లెక్క తెలిసింది. చప్పుడు చేయకుండా వెనక నుంచి పోవద్దు. ముందు నోటితో పలకరించాలి, తర్వాత నడుం మీద చెయ్యి వెయ్యాలి. ఆ చెయ్యి తీయకుండా పక్కకు జరిగి, తీయకుండానే కింద కూర్చోవాలి. మధ్యలో చెయ్యి తీసి మళ్లీ వేస్తే నువ్వు దానికి కొత్త మనిషివి. కొత్త మనిషిని అది తంతుంది. ఇందులో ప్రేమ ఏమీ లేదు. దానికి భయం ఉంది, ఆ భయానికి ఒక పద్ధతి ఉంది.

అత్తకు ఈ పద్ధతి నచ్చేది కాదు. ఆమెది కర్ర పద్ధతి.

"ఏమే, బర్రెకు మొక్కుతున్నవా, ఒళ్లు కడుగుతున్నవా?" అనేది.

"నువ్వు కడుగు అత్తా, నేను సూస్త."

"నాకేం పట్టె? తన్నిపిచ్చుకునుడు నీకు అలవాటైంది, నాకు గాలే."

కర్ర చప్పుడు వింటే బర్రె తాడు తెంపేంత పని చేసేది. అందుకని అత్త దొడ్డి గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. అక్కడే నిలబడి తిట్టేది. బర్రె అటే చూసి ముక్కుతో బుసలు కొట్టేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు.

బర్రె ఈనింది. పెయ్య దూడే పుట్టింది. నేను పైకి సంతోషం చూపలేదు. అత్త అయితే దిష్టి తగులుతుందని దూడ మెడలో నల్లతాడు కట్టి, అడిగినవాళ్లకు దున్నపోతు పుట్టిందని చెప్పింది. కొన్నాళ్లు దూడ బాగానే గెంతింది. ఒక పొద్దున చూస్తే గోడకు మూతి పెట్టి మన్ను నాకుతోంది.

అత్త లోపలికి పోయి నార తెచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికి చిక్కం అల్లి దూడ మూతికి కట్టింది. వెనకటి రెండు దూడలకూ ఇలాగే కట్టింది. మన్ను తింటేనే రోగం వస్తుందని ఆమె నమ్మకం. ఊరి నమ్మకమూ అదే.

"పాలు గూడ తగ్గియ్యే. పాలెక్కువైతేనే పారుతది," అంది.

"పోయినసారి తగ్గిస్తే ఏమాయె అత్తా?"

"పోయినసారి ఆలిశం జేసినం. గీసారి ముందే తగ్గియ్యాలె."

దూడ పెండ చూశాను. తెల్లగా, మెత్తగా, గోడకు పూసే సుద్దమట్టి లాగా ఉంది. వాసన ముక్కు పగిలేలా ఉంది. చేను గట్టున ఎండే పెండ వాసన కాదు అది, ఏదో లోపల చచ్చిన వాసన. ఆ వాసన నాకు తెలుసు. రెండు సార్లు ఎత్తిపోశాను.

దూడను పశువుల దవాఖానకు తీసుకుపోదామంటే తల్లి కళ్ల ముందు నుంచి దాన్ని కదిలించే వీలు లేదు. దూడ రెండు బారలు దూరం పోతే ఇది గుంజ పీకేస్తుంది. అందుకని రెండు మోదుగాకుల్లో పెండ పొట్లం కట్టుకుని పెద్దమందడి బస్సెక్కాను.

కండక్టర్ దగ్గరికి వచ్చి ముక్కు మూసుకున్నాడు. "ఏందమ్మ గా పొట్లం?"

"దూడ పెండ. దవాఖానకు తీస్కపోతున్న."

"దూడ యాడున్నది?"

"ఇంటికాడ."

"మంచిగనే ఉన్నది ముచ్చట! రోగం బస్సెక్కె, రోగిష్టిది ఇంటికాడనే ఉండె. జర కిటికి తాన కూసోని చెయ్యి బయట పెట్టు తల్లీ, నీకు పుణ్యముంటది."

బస్సు నవ్వింది. నేను చెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గనిపించలేదు. దూడ చచ్చి బర్రె పోతే అప్పుడు పడే సిగ్గు నాకు తెలుసు కదా.

డాక్టర్ సారు పొట్లం విప్పీ విప్పకముందే, "బర్రె దూడ. పుట్టి నెల దాటలే. మన్ను తింటుంది. అవునా?" అన్నాడు.

"తింటది సారూ. మూతికి చిక్కం కట్టినం."

"దొంగ ఇంట్ల జొర్రినంక బయట గొళ్లెం పెట్టినట్టున్నది," అని నవ్వి, తర్వాత నిమ్మళంగా చెప్పాడు. కడుపులో ఏలికపాములు ఉన్నాయట. అవి తల్లి ఒంట్లో ఎప్పుడో దాక్కుని ఉంటాయట. ఈనాక పాలలోకి దిగి దూడ కడుపులో పెరుగుతాయట. కడుపులో అవి ఉంటేనే దూడ మన్ను తింటుంది.

"తల్లి పాలల్లనే వస్తయా? మరి పాలు బందు పెట్టాల్నా?"

"బందు పెడితే పాములు సావయి, దూడ సస్తది. పాలు తాగనియ్యి. మందు పొయ్యి."

కాగితం తీసి రాయబోయాడు.

"రాయకుండ్రి సారూ. మా ఇంట్ల సదివేటోళ్లు లేరు. నోటితో చెప్పుండ్రి, మర్శిపోను."

ఆయన కలం పక్కన పెట్టి చెప్పాడు. నాలుక పట్టి గుంజకూడదు. తల పైకి ఎత్తి పట్టకూడదు, వీపుకు సమంగా ఉంటే చాలు. మూతి పక్క నుంచి కొంచెం కొంచెం పోయాలి. దగ్గితే వెంటనే వదిలేయాలి, లేకపోతే మందు ఊపిరిలోకి పోయి, పాముల కన్నా ముందు మనమే దూడను చంపినట్టవుతుంది. నేను అన్నీ తిరిగి ఒప్పజెప్పాను. ఆయన తల ఊపి సీసా ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి దొడ్డంతా కానుగ నూనె వాసన. దూడ నెత్తి నుంచి తోక దాకా నూనెతో నిగనిగలాడుతోంది. దాని మెడ మీద పేలు పట్టిన మాట నిజమే. నేను పోయాక అత్త ఊరుకోలేకపోయింది. కర్ర గుమ్మం దగ్గర పారేసి, బర్రె కొమ్ము అందని మూల నుంచి తాడుతో దూడను గుంజుకుని, చేతిలో ఉన్న నూనెంతా పూసింది.

"పేలు రగతం తాగుతున్నయే. రగతం పోతే దూడ ఏడుంటది? నువ్వు దవాఖానకు పోతివి, నేను సూసుకుంట కూసోవాల్నా?"

కానుగ నూనె పేలకు మంచిదే. ఆమె చేసింది మంచి పనే. నేను చిక్కం విప్పి, సారు చెప్పినట్టు మందు పోశాను. తల దించే పట్టాను, దూడ ఒకసారి దగ్గింది, వదిలి మళ్లీ పోశాను. అంతా సరిగానే జరిగింది అనుకున్నాను. సాయంత్రం పాలకు దూడను వదిలాను.

దూడ పొదుగు దగ్గరికి ఉరికింది. బర్రె మెడ తిప్పి వాసన చూసింది. ఒక్కసారి ముక్కు చీదింది, తలతో దూడను పక్కకు నెట్టింది. దూడ మళ్లీ పోయింది. ఈసారి కాలు లేచింది. నన్ను తన్నిన కాలే, దూడను తన్నింది. దూడ పోయి గోడకు తగిలింది.

అది మనుషులను ఎందరినో తన్నింది, కన్నబిడ్డను తన్నడం అప్పుడే చూశాను. దూడలో దానికి తన వాసన దొరకలేదు. కానుగ వాసన వేసుకొచ్చిన ఏదో పరాయి దూడ తన పొదుగు కింద దూరుతోంది, అంతే. దూడ మూతి తగలక బర్రె చేపలేదు, పొదుగులోకి పాలు దించలేదు. చేపని బర్రె దగ్గర ఎవరు కూర్చున్నా చుక్క రాదు. ఆ పూట పటేలమ్మ ఇంటికి పాలు పోలేదు. దూడకు గంజి తాగించాను.

తెల్లారి నేను పెండ తీయడానికి వంగి అక్కడే ఆగిపోయాను. దూడ పక్కన కుప్పగా తెల్లని పాములు. జానెడు పొడుగు, కొన్ని ఇంకా కదులుతున్నాయి. చిన్న పొట్టలో అన్ని ఎలా పట్టాయో! అత్తను పిలిచాను. ఆమె గుమ్మం దగ్గర నుంచి మెడ చాచి చూసింది. తర్వాత కర్ర లేకుండా లోపలికి వచ్చి, కుప్ప ముందు కూర్చుంది.

"ఆ రెండిట్ల గూడ గివే ఉండెనా?" అని అడిగింది.

వాటికి పాలు తగ్గించింది ఆమె. చిక్కం అల్లింది ఆమె. అవి పోయినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టనిది కూడా ఆమెనే. నాకు జవాబు తెలుసు. దవాఖాన నుంచి వస్తూ బస్సులో అంతా అదే ఆలోచించాను.

"ఏమో అత్తా. ఎవలు సూడొచ్చిరి?" అన్నాను.

నా నోరు పెద్దదని ఊరంతా అంటుంది. ఉన్నది ఉన్నట్టు అంటానని కొందరు మెచ్చుకుంటారు కూడా. ఆ ఒక్క పొద్దున మాత్రం ఉన్నది అనలేదు. ఇప్పుడైనా అనాలని నాకు లేదు. ఆమె నా ముఖం వైపు చూసింది, నమ్మలేదని నాకు తెలిసింది. లేచి ఆ కుప్పను తన చేతులతోనే ఎత్తి దూరంగా గుంత తీసి పూడ్చి వచ్చింది.

కాసేపటికి పటేలమ్మ వచ్చింది. పాలు ఎందుకు రాలేదని అడగడానికి వచ్చి, మూలకు కూర్చున్న దూడను, తల విదిలిస్తున్న బర్రెను చూసింది.

"మల్ల గదే కత! మీ ఇంట్ల దూడ నిలువదని అందరు జెప్పినా నేను ఇనకపోతి."

"పాములు పడిపోయినయి పటేలమ్మా. దూడ బతుకుతది. తల్లి రానిస్తలేదు, గంతే."

"తల్లి రానియ్యకుంటే ఎట్ల బతుకుతది? రెండు రోజులైతే పాలు ఎండుతయ్. అప్పుడు నేను ఉట్టి బర్రెను కట్టేసుకోవాల్నా? రేపు పొద్దుగాల మా జీతగాన్ని పంపుత. దూడ తాగితే సరే. తాగకుంటే నా బర్రె నాకు తోలుండ్రి."

ఆమె అన్నదాంట్లో అన్యాయం లేదు. ఒప్పందం అదే. బర్రె పోతే దూడ బతకదు, దూడ పోతే మళ్లీ మాకు పెయ్యను ఇచ్చేవాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు.

కుంకుడుకాయలు కొట్టి దూడను తోమాను. నూనె జిడ్డు పోయింది, వాసన పోలేదు. వెంట్రుకల్లోకి ఇంకింది. ఉప్పు, తవుడు కలిపి దూడ వీపు మీద చల్లాము. ఉప్పు రుచికైనా తల్లి నాకుతుంది, నాకితే దగ్గరవుతుంది అని అత్త చెప్పింది. బర్రె వచ్చింది, నాకింది. ఉప్పంతా నాకేసి, మూతి తుడుచుకున్నట్టు తల విదిలించి, దూడను మళ్లీ నెట్టింది.

"దొంగ ముండ! తినేది తిన్నది," అంది అత్త. నాకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి.

అత్త పోయి గుమ్మం మీద కూర్చుంది. చాలాసేపు తన చేతులు వాసన చూసుకుంటూ ఉంది. నిన్నటి నూనె ఆ చేతులకు ఇంకా ఉంది. ఉన్నట్టుండి లేచి, అడుగున మిగిలిన కానుగ నూనె సీసా తెచ్చింది.

"దీనికి దూడ వాసన పడ్తలేదు గదా. వాసన దూడ మీదికెల్లి తీసుడు మనతోని గాదు. బర్రె మూతికి గూడ గదే పూస్తే?"

"మూతికా? ఎవలు పూస్తరు? నువ్వా?"

"పూసేదెందుకే? అదే పూసుకుంటది."

కుడితి గోలెం తీసుకుని దాని అంచు చుట్టూ వేలితో కానుగ నూనె రాసింది. కుడితి నింపి, చిక్కగా తవుడు కలిపి, నా చేతికిచ్చింది. తను దూరంగా, కర్ర లేకుండా, నోరు మూసుకుని నిలబడింది. ఆమె నోరు మూసుకోవడం బర్రెకు కూడా కొత్తే.

బర్రె పొద్దటి నుంచి ఆకలి మీద ఉంది. అంచు దగ్గర ఒకసారి ముక్కు చీదింది. ఆకలి గెలిచింది. మూతి దాకా ముంచి తాగింది. అంచుకు రాసిన నూనె దాని ముక్కుకు, పెదవులకు, గడ్డానికి పట్టింది. తల ఎత్తి అటు వాసన చూసింది, ఇటు చూసింది. గోడ కానుగ వాసన, గడ్డి కానుగ వాసన, నేను కానుగ వాసన. లోకమంతా ఒకే వాసన అయిపోయాక దూడ ఒక్కటే పరాయిది ఎట్లా అవుతుంది?

నేను నడుం మీద చెయ్యి వేశాను. చెయ్యి తీయకుండా పక్కకు జరిగాను. అత్త దూడ తాడు విప్పింది. దూడ భయంభయంగా వచ్చింది, తన్ను గుర్తుంది దానికి. బర్రె తల తిప్పి వాసన చూసింది. మళ్లీ చూసింది. నాకలేదు. కానీ కాలు లేవలేదు. దూడ మూతి పొదుగుకు తగిలింది, ఒకటి రెండు సార్లు కుమ్మింది. నా చేతి కింద బర్రె నడుం సడలడం నాకు తెలిసింది. చేపింది.

అత్త గోడ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందని నేను అనను. ఆమె వీపు మాత్రమే నాకు కనిపించింది.

మర్నాడు పటేలమ్మ జీతగాడు తాడు పట్టుకుని వచ్చాడు. ఆమె కూడా వెనకే వచ్చింది. దూడ తోక ఆడిస్తూ తాగుతోంది. పటేలమ్మ కాసేపు చూసి, "ఏం మంత్రమేసిండ్రే?" అంది.

"పెండ బస్సెక్కింది, నూనె గోలెమెక్కింది," అంది అత్త. పటేలమ్మకు ఏమీ అర్థం కాలేదు. తాడు అలాగే తిరిగి పోయింది. ఆ పూట పాలు ఆమె ఇంటికి అత్తే మోసుకుపోయి పోసి వచ్చింది.

దూడ గడ్డి మేసే నాటికి బర్రెను ఒప్పందం ప్రకారం తోలేశాము. అది పోయే రోజు నన్ను చూసి అరిచిందని రాస్తే బాగుంటుంది. అరవలేదు. పొలిమేర దాటేముందు జీతగాణ్ణి మాత్రం ఒకసారి తన్నింది.

దూడ పెరిగింది. తల్లి కొమ్ములే వచ్చాయి, తల్లి కాలే వచ్చింది. ఊళ్లో సాయంత్రం బడి పెట్టిన తర్వాత, నేను పలక పట్టుకుని పోయే రోజుల్లో అది తొలి ఈత ఈనింది. అప్పటికి అత్తకు చూపు మందగించింది. దూడ పుట్టిన రెండో వారం ఒక పొద్దున నేను పెండ తీస్తుంటే గుమ్మం దగ్గర నుంచి, "జర ఇటు తే, వాసన సూస్త," అంది. ఆకులో పట్టి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ముఖం చిట్లించింది.

"మందు తీస్కరాపో. ఆలిశం జెయ్యకు."

మందు తెచ్చి పోశాను. సాయంత్రం పాలకు కూర్చున్నప్పుడు నా ధ్యాస ఎటో పోయి నడుం మీద చెయ్యి తీశాను. చెంబు ఒక వైపు, నేను ఒక వైపు పడ్డాము. పాలు నేలపాలయ్యాయి. కర్ర తెమ్మంటుందేమో అని అత్త వైపు చూశాను. ఆమె గుమ్మానికి ఆనుకుని నవ్వుతోంది.

"తంతే తన్ననియ్యే," అంది. "మన బర్రెనే గదా."